ఉత్తమ పురుషలో ఇమడని మాట

"నువ్వు ఎప్పుడూ ఇంతేరా. అన్నిటికీ అంటీముట్టనట్టు ఉంటావు."

అక్క ఫోనులో ఈ మాట అని ఆరేళ్ళయింది. కోపంగా అనలేదు. బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అంది. ఆ వెంటనే ఎవరో తలుపు కొడుతున్నారని ఫోను పెట్టేసింది.

అమ్మానాన్నల ఇల్లు ఏం చేయాలన్న విషయంలో మా అన్నయ్యలిద్దరికీ పట్టింపులు మొదలై అప్పటికి ఏడాది దాటింది. పెద్దన్నయ్య ఫోను చేస్తే వినేవాణ్ణి. చిన్నన్నయ్య చేసినా వినేవాణ్ణి. ఒకరి మాట ఇంకొకరికి మోయలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు. నా మటుకు నేను దాన్ని పెద్దమనిషి తరహా అనుకున్నాను. కొంచెం గర్వం కూడా ఉండేదేమో. అక్క ఆ గర్వాన్ని ఒక్క మాటతో కోసేసింది.

"దూరంగా ఉంటున్నావు" అని ఉంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వారం వారం మాట్లాడుతున్నాను, పిలిచినప్పుడల్లా వచ్చాను, ఇంకేం కావాలి? కానీ అంటీముట్టనట్టు అన్నదానికి జవాబు దొరకదు. వచ్చానంటే, వచ్చీ రానట్టు వచ్చావంటారు. మాట్లాడానంటే, మాట్లాడీ మాట్లాడనట్టు మాట్లాడావంటారు. మనం చూపించే సాక్ష్యమంతా అవతలి పక్షానికే పనికొస్తుంది. ఇంత పకడ్బందీ అభియోగం తెలుగులో ఇంకొకటి ఉందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. అప్పటి నుంచి ఈ మాట ఎక్కడ కనిపించినా ఆగి చూడడం అలవాటైంది.

ముందు దాని కట్టుబడి చూద్దాం. చూసీ చూడనట్టు, వినీ విననట్టు, తెలిసీ తెలియనట్టు. ఇవన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒక క్రియ, దాని పక్కనే అదే క్రియ వ్యతిరేక రూపం, చివర 'అట్టు'. వినీ విననట్టు ఊరుకున్నాడంటే, విన్నాడన్నమాట. ఆ విషయంలో అనుమానం లేదు. 'వినీ' అన్న దీర్ఘంలోనే 'విన్నప్పటికీ' అన్నది దాక్కుని ఉంది. తర్వాత వచ్చే 'విననట్టు' అతను వేసిన వేషం. ఈ లెక్కన మన జాతీయం అంటీ అంటనట్టు అనో, ముట్టీ ముట్టనట్టు అనో ఉండాలి. అలా అనేవాళ్ళూ ఉన్నారు. కానీ ఎక్కువగా వాడుకలో నిలిచింది మొదటి జంటలోంచి ఒకటీ, రెండో జంటలోంచి ఒకటీ ఏరుకున్న రూపం. రెండు జంటలు ఒకదానిలోకి ఒకటి కుదించుకుపోయి ఇలా తయారైందని నా ఊహ. నోటికి ఇదే హాయిగా ఉంది మరి.

ఎలా పుట్టినా, 'అంటీ' అన్న ముక్క అందులో ఉంది. అంటే తాకడం జరిగింది. మనిషి అక్కడే ఉన్నాడు, చెయ్యి తగిలింది, తగలనట్టు ఉన్నాడు. ఈ చిన్న ముక్కని పట్టించుకోకుండా చాలామంది దీన్ని 'దూరంగా ఉండడం' అని అర్థం చెప్పేస్తారు. ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ళు 'అలూఫ్' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆ ఇంగ్లీషు మాట ఓడల వాళ్ళది. గాలికి ఓడ ఒడ్డు మీదకి కొట్టుకుపోకుండా దాని ముక్కును గాలి వచ్చే దిక్కుకు తిప్పి నిలపడం నుంచి వచ్చింది. ఒడ్డు వేరు, ఓడ వేరు, మధ్యలో నీళ్ళు. అక్కడ అంటడమూ లేదు, అంటనట్టు ఉండడమూ లేదు. మన సంస్కృత పదం 'తటస్థం' సరిగ్గా దీనికి తిరగేసిన బొమ్మ: తటం మీద, అంటే గట్టు మీద నిలబడినవాడు. వాళ్ళు ఒడ్డుకు దూరంగా పోయి తప్పుకుంటే మనం ఒడ్డు మీదే నిలబడి తప్పుకున్నాం. 'ఉదాసీనం'లో మనిషి పక్కకు పోయి కూర్చున్నాడు. ఈ ముగ్గురిలో ఎవరికీ ఒళ్ళు తడవలేదు. అంటీముట్టనట్టు ఉన్నవాడు మాత్రం నీళ్ళలోనే ఉన్నాడు. తడిసీ తడవనట్టు ఉన్నాడు.

కనుక ఈ మాట ఎవరి మీద పడితే వాళ్ళ మీద వేయడానికి వీల్లేదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న అపరిచితుడు నాతో ఒక్క మాట మాట్లాడకపోయినా అతను అంటీముట్టనట్టు ఉన్నాడని నేను అనను. అతను అంటుకోవలసిన పని ఏముంది? అదే సీట్లో నా చిన్ననాటి స్నేహితుడు కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంటే అంటాను. పత్రికల్లో రాజకీయ వార్తలు చదివేవాళ్ళకు ఇది బాగా తెలుసు. "కొంతకాలంగా పార్టీ కార్యక్రమాల్లో అంటీముట్టనట్టు వ్యవహరిస్తున్నారు" అని ఎవరి గురించైనా రాశారంటే, ఆ నాయకుడు ఆ పార్టీలోనే ఉన్నాడని అర్థం. ఎదుటి పార్టీ నాయకుడి గురించి ఎవరూ అలా రాయరు. పార్టీ మారిన మరునాటి నుంచి ఇతని గురించీ రాయరు. కండువా మారగానే ఆ మాట రాలిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. దూరాన్ని కొలవడానికి మనకు వేరే మాటలున్నాయి. ఈ మాట కొలిచేది ఒకరు పెట్టుకున్న ఆశకూ ఇంకొకరు ఇచ్చినదానికీ మధ్య ఉన్న వెలితిని. అందుకే అది అనే హక్కు ఆశ పెట్టుకున్నవాళ్ళకే ఉంటుంది.

నిజంగా దూరాన్ని కొలిచే జాతీయం కావాలంటే 'ఆమడ దూరం' ఉండనే ఉంది. జానెడు, మూరెడు, బారెడు అని ఒంటితో కొలిచే జాతికి, అక్కరలేని మనిషి విషయం వచ్చేసరికి ఒళ్ళు చాలలేదు. ప్రయాణాల కొలత తీసుకొచ్చాం. ఆమడ అంటే సుమారు ఎనిమిది మైళ్ళని పెద్దలు లెక్క చెబుతారు, పదమూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. చాణక్యుడి పేరుతో ప్రచారంలో ఉన్న ఒక శ్లోకంలో బండికి ఐదు మూరలు, గుర్రానికి పది మూరలు, ఏనుగుకు వెయ్యి మూరల దూరంలో ఉండమనీ, దుర్జనుడైతే దేశమే వదిలిపొమ్మనీ ఉంది. మూరకు అడుగున్నర చొప్పున లెక్కేసి చూశాను. ఏనుగు దూరం అర కిలోమీటరు కూడా రాదు. ఆమడలో ఇరవై ఎనిమిది వేల పైచిలుకు మూరలున్నాయి. అంటే ఫలానావాడికి ఆమడ దూరంలో ఉంటానన్నప్పుడు మదపుటేనుగుకు ఇచ్చిన గౌరవానికి ఇరవై ఎనిమిది రెట్లు అతనికి ఇస్తున్నామన్నమాట. ఇది అతిశయోక్తే కానీ నిజాయితీ ఉన్న అతిశయోక్తి. "ఆయనకు నేను ఆమడ దూరం" అని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని, నలుగురిలో, తన గురించి తాను చెప్పుకోవచ్చు. చెప్పుకుంటారు కూడా, కాస్త గొప్పగా.

అంటీముట్టనట్టు అనే మాటను అలా చెప్పుకుని చూడండి. "నేను మా అన్నయ్యలతో అంటీముట్టనట్టు ఉంటాను." వ్యాకరణ దోషమేమీ లేదు, అయినా వాక్యం నిలబడదు. చెప్పగానే వేషం బయటపడిపోతుంది. తనను గురించి చెప్పేటప్పుడు మనిషి ఇంకేవో మాటలు వెతుక్కుంటాడు. నేను కలగజేసుకోను. నా హద్దుల్లో నేనుంటాను. మనకెందుకొచ్చిన గొడవ. నా తత్వమే అంత. చేసేది అదే అయినా పేరు వేరు. తెలుగు వ్యాకరణంలో 'నేను'ను ఉత్తమ పురుష అంటారు. ఉత్తమ పురుషులెవరూ తమను గురించి ఈ మాట వాడరు. ఇది 'నువ్వు', 'వాడు', 'ఆవిడ' పక్కనే ఉంటుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, నాకు మింగుడుపడని మినహాయింపు. పెద్దవాళ్ళు సలహాగా చెబుతారు: "కొత్త చోటు, అందరితోనూ అంటీముట్టనట్టు ఉండు." కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకూ, కొత్తగా పెళ్ళయినవాళ్ళకూ ఈ సలహా తప్పదు. నాకూ చెప్పారు. కొన్నాళ్ళు పాటించాను కూడా. గమనించవలసిన సంగతేమిటంటే, వదిలిపోవడానికి వీలున్న మనుషుల విషయంలో ఈ సలహా ఎవరూ ఇవ్వరు. అక్కడ ఆమడ దూరమే చెబుతారు. రోజూ మొహం చూడక తప్పని వాళ్ళ దగ్గర మాత్రం అంటినట్టు కనిపించు, అంటకు అంటారు. బతకనేర్చినవాడి సూత్రం అది. కానీ అవతలివాళ్ళు అమాయకులేమీ కాదు. మూడో నెలకల్లా వాళ్ళు ఇదే జాతీయాన్ని మన వెనకాల వాడడం మొదలుపెడతారు. సలహాగా తీసుకున్న మాట ఫిర్యాదుగా తిరిగి వస్తుంది.

ఇక అంటు, ముట్టు. ఈ రెండు క్రియల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే 'తాకు' అన్న మాట ఉండగా జాతీయం వీటినే ఎందుకు ఎంచుకుందన్నది నన్ను చాలాకాలం వదలలేదు.

రెండిటికీ నిప్పుతో చుట్టరికం ఉంది. దీపం ముట్టిస్తాం, మంట అంటిస్తాం, గడ్డివాము అంటుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడంతోనూ ఉంది. సొమ్ము ముట్టింది అంటాం, ముట్టజెప్పాం అంటాం. ఒక మొక్కను ఇంకో మొక్కతో కలిపి ఒకటి చేస్తే అంటు కట్టడం. తలకు నూనె రాసి రుద్దితే తలంటడం. చివాట్లు పెట్టినా తలంటడమే. (ప్రేమకీ తిట్టుకీ ఒకే క్రియ చాలునని అనుకున్నవాళ్ళు ఎవరో గాని గట్టివాళ్ళు.) ఇంతవరకు అంతా వెచ్చగానే ఉంది.

అక్కడి నుంచి దారి మారుతుంది. ఎంగిలి పాత్రలు అంట్లు. అంటురోగం. అంటూసొంటూ. ముట్టు అన్నది నామవాచకమైతే స్త్రీలను ఇంట్లోనే వెలివేసిన నాలుగు రోజుల పేరు. ఆ నాలుగు రోజులకు మరో పేరు సాక్షాత్తూ 'దూరం'. చివరకు అంటరానితనం. ఒక మనిషిని ఇంకో మనిషి తాకకూడదన్న నియమానికి ఈ భాష పెట్టిన పేరులో ఉన్నది ఇదే అంటు. తెలుగులో చట్టాల పేర్లు చూసినా ఇది కనిపిస్తుంది. 1897 నాటిది అంటువ్యాధుల చట్టం. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దాన్ని శిక్షార్హం చేస్తూ విడిగా చట్టం వచ్చింది. ఒక చట్టం అంటుకోకుండా చూస్తుంది, ఇంకొకటి అంటకూడదనడాన్ని నేరమంటుంది. మధ్యలో ఉన్నది అదే రెండక్షరాల మాట.

2020లో ఈ రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. రోగం వచ్చింది, మనుషులు ఎడంగా నిలబడాలి. ఇంగ్లీషులో పుట్టిన పదాన్ని మన పత్రికలు 'సామాజిక దూరం' అని దించేశాయి. చదవగానే ఒళ్ళు జలదరించినవాళ్ళలో నేనొకణ్ణి. మన పత్రికల భాషలో 'సామాజిక వర్గం' అంటే కులమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక సామాజిక దూరం అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఈ నేల మీద అది వందల ఏళ్ళు పాటించినదే, ఏ వైరస్ అడగకుండానే. ఆ ఏడాది మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరే కారణంతో, మనుషుల మధ్య బంధాలు తెగనక్కరలేదన్న ఉద్దేశంతో, భౌతిక దూరం అనడం మొదలుపెట్టింది. తెలుగులోనూ కొందరు పట్టుబట్టి ఆ మాటే రాశారు. చాలామంది రాయలేదు. గోడల మీద ఆ వెనకటి మాట ఇంకా అక్కడక్కడ వెలిసిపోయిన రంగులో కనిపిస్తూనే ఉంది.

అంటే మన జాతీయం తాకిడి మీద ఇంత లెక్కాపత్రం నడిపిన ఇళ్ళలోంచి వచ్చింది. తగిలితే మైల అనుకున్న చోట, తగలనట్టు మసలడం ఒక నేర్పు. అదే వాక్యం ఇవాళ మనసుల గురించి వాడుతున్నాం. అప్పట్లో తగలనట్టు ఉన్నవాడు మర్యాదస్తుడు, ఇప్పుడు తగలనట్టు ఉన్నవాడి మీద ఫిర్యాదు. దీని పుట్టుక కచ్చితంగా ఇదేనని నేను వాదించను. కానీ ఈ రెండు క్రియలూ పక్కపక్కన నిలబడినప్పుడు ఆ ఇళ్ళ వాసన నాకు తగులుతుంది.

అక్క మాటకు తిరిగి వస్తాను. ఆవిడ అన్న రెండు రోజులకు నేనే ఫోను చేసి, "నన్ను ఏం చేయమంటావు?" అని అడిగాను.

"ఏదో ఒకటి చెయ్యి. తప్పు చేసినా ఫరవాలేదు. నువ్వు మాలో ఒకడివని తెలుస్తుంది" అంది.

అది నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. తగాదాలో మధ్యనున్నవాడు ఏదో ఒకటి చేయడం వల్ల చెడిన సంసారాలు నేను చూశాను. తప్పుకుని ఉండడమే పనిగా పెట్టుకోవలసిన మనుషులు కూడా ఉంటారు. 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా సమావేశమై తమకు తాము రాసుకున్న నియమాల్లో, న్యాయమూర్తి తన పదవి గౌరవానికి తగిన మేరకు 'అలూఫ్‌నెస్' పాటించాలన్నది ఒకటి. దాన్ని తెలుగులో ఎలా రాస్తాం? న్యాయమూర్తి అంటీముట్టనట్టు ఉండాలని రాస్తే అది నియమంలా ఉండదు, వెటకారంలా ఉంటుంది. కేసులు పట్టించుకోవద్దన్నట్టు వినిపిస్తుంది. నేనైతే 'ఎడం పాటించాలి' అంటాను.

ఎడం మంచి మాట. మనం దాన్ని మొక్కలకు వదిలేశాం. మొక్కకీ మొక్కకీ మధ్య ఎడం ఉంచుతాం, రెండూ పెరగాలని. ఆ ఎడం కంటికి కనిపిస్తుంది, కొలవవచ్చు, ఎందుకుందో అందరికీ తెలుసు. దాన్ని ఉత్తమ పురుషలో చెప్పవచ్చు: "అన్నయ్యా, ఈ విషయంలో నేను ఎడంగా ఉంటాను, ఇద్దరూ నాకు కావాలి కనుక." ఇలా చెప్పినవాణ్ణి తిట్టవచ్చు, అలగవచ్చు, కానీ అంటీముట్టనట్టు ఉన్నాడని అనడం కష్టం. 'అట్టు' అన్న ముక్కకు అక్కడ చోటు లేదు. నేను చేయనిది ఇదే. ఎడం నా మనసులో ఉంచుకున్నాను, బయటికి మాత్రం ఊకొట్టాను. ఆ ఊకొట్టడంలో ఇద్దరన్నయ్యలకూ నేను వాళ్ళ పక్షమే అనిపించి ఉండాలి. అక్కకు అది కనిపించింది. కనుక తగాదాలో కలగజేసుకోకపోవడం విషయంలో నేను ఇప్పటికీ నా పక్షమే, మాట వాడుక విషయంలో అక్క పక్షం. ఇల్లు సంగతి తర్వాత వాళ్ళే తేల్చుకున్నారు, నా ప్రమేయం లేకుండానే.

ఇలాంటి సందర్భాల్లో నిందపడ్డవాడికి ఇష్టమైన పోలిక ఒకటుంది, తామరాకు మీద నీటిబొట్టు. గీతలోనే ఉంది కదా అని ధైర్యం. నేనూ వాడుకున్నాను. ఆ ఆకు నీటిని ఎలా దులుపుకుంటుందో 1997లో జర్మన్ వృక్షశాస్త్రవేత్తలు బార్త్‌లాట్, నైన్‌హుయిస్ విడమరిచి చెప్పారు. ఆకు మీద కంటికి కనిపించని బుడిపెలు, వాటి మీద మైనపు పొర. బొట్టు ఆ బుడిపెల కొనల మీదే ఆని, కింద గాలి చిక్కుకుని, గుండ్రంగా దొర్లిపోతుంది. పోతూ పోతూ దుమ్మును తీసుకుపోతుంది. అంటే తామరాకు తడిసీ తడవనట్టు నటించడం లేదు. నిజంగానే తడవదు. మనకు అంత మైనం లేదు. మనం తడుస్తాం, ఆ తడి ఎవరికీ కనిపించకూడదనుకుంటాం. నిర్లిప్తుడంటే పూత అంటనివాడు. అంటీముట్టనట్టు ఉన్నవాడు పూత తుడుచుకుని వచ్చినవాడు.

ఇదంతా రాశాక కూడా ఒక సంగతి మిగిలింది. చెప్పాలా వద్దా అని తటపటాయించాను.

నాకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు ఒకడున్నాడు. ఏరా అంటే ఏరా. మూడేళ్ళ క్రితం అతని భార్య పోయింది. కబురు తెలిసిన రోజు ఫోనులో నాలుగు వాక్యాలు రాసి పంపాను. వెళ్ళాలనుకున్నాను. వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇంటినిండా బంధువులుంటారు, ఇప్పుడెందుకు అనుకున్నాను. బంధువులు వెళ్ళిపోయాక, ఒంటరిగా ఉండనిద్దాం, అతనికీ కాస్త సమయం కావాలి అనుకున్నాను. దానికి నేను పెట్టుకున్న పేరు గౌరవం. నాలుగు నెలలు గౌరవించాను.

చివరకు ఒక ఆదివారం వెళ్ళాను. దారంతా అతను ఏమంటాడో ఊహించుకుంటూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావురా అంటాడు. పరాయివాళ్ళు నయం అంటాడు. అంటీముట్టనట్టు ఉండడానికి నేను నీకు ఏమవుతానురా అంటాడు. ప్రతిదానికీ తల దించుకోవడానికి సిద్ధపడ్డాను. అక్క దగ్గర నేర్చుకున్న పాఠం ఉంది కదా, ఈసారి వాదించకూడదనుకున్నాను.

అతనే తలుపు తీశాడు. కొంచెం చిక్కాడు. నన్ను చూసి నవ్వాడు, మర్యాదగా.

"రండి," అన్నాడు. "కూర్చోండి."